మళ్ళీ ఒకసారి, నేనెవరో



ఈ వ్యాసాల్ని మొదటినుంచీ చదువుతున్నవాళ్ళకు నేనెవరో తెలుసు. కొన్ని నెలలుగా కొత్తవాళ్ళు చాలామంది చదువుతున్నారు. వాళ్ళలో ఒకాయన, "మేడం, ముందు మీరెవరో చెప్పండి, తర్వాత మీ మాట వింటాం" అన్నారు. ఇంకొకాయన, "కవి అంటారు, వారం వారం కులం గురించి రాస్తారు. ఇంతకీ మీరు కవా, ఉద్యమకారిణా?" అన్నారు. డిగ్రీ చదువుతున్న ఒక చెల్లె, "అక్కా, మీ కవితల పుస్తకం చదివిన. మీరు మావోళ్ళేనా?" అని అడిగింది.

మూడూ పైకి ఒకే ప్రశ్నలాగా ఉన్నాయి గానీ ఒకటి కాదు. మొదటాయన పరిచయం అడిగారు. రెండో ఆయన సంజాయిషీ అడిగారు. చెల్లె చుట్టరికం అడిగింది. ముగ్గురికీ కలిపి ఈ వారం జవాబు రాస్తున్నాను. పాత మిత్రులు ఓపిక పట్టండి, మీకు తెలియనివి కూడా కొన్ని ఉన్నాయి ఇందులో.

నేను తెలుగు పాఠం చెప్పేదాన్ని. తెలుగులో కవి తనను తాను పరిచయం చేసుకోవడానికి వందల ఏళ్ళ పద్ధతి ఒకటి ఉంది. దాని పేరు అవతారిక. కావ్యం మొదట్లో దేవుళ్ళకు దండం పెట్టి, పాత కవుల్ని తలుచుకొని, కృతి ఎవరికి ఇస్తున్నాడో చెప్పి, ఆ మధ్యలో కవి తన వంశం చెప్పుకుంటాడు. పదకొండో శతాబ్దంలో రాజరాజనరేంద్రుని ఆస్థానంలో భారతం మొదలుపెట్టిన నన్నయ, తాను ఆ రాజుకు కులబ్రాహ్మణుణ్ణని, జపహోమాలు చేసేవాణ్ణని చెప్పుకున్నాడు. రాజులకు కృతి ఇవ్వనన్న పోతన కూడా భాగవతంలో తనది కౌండిన్య గోత్రమని, ఆపస్తంబ సూత్రమని, తండ్రి కేసన అని, తల్లి లక్కమాంబ అని చెప్పాడు. ఎవరూ వాళ్ళను "మీ కవిత్వంలోకి కులం ఎందుకు తెస్తున్నారు?" అని అడగలేదు. కులం చెప్పుకోవడం అక్కడ మర్యాద. మేం చెప్పుకుంటే కులతత్వం.

మొల్ల అవతారిక వేరే తీరు. లోకం ఆమెను కుమ్మరి మొల్ల అని పిలుచుకుంది. ఆమె తండ్రి పేరు కేసన అని చెప్పింది, తండ్రి శివభక్తి గురించి చెప్పింది, ఆ తర్వాత తనకు వ్యాకరణం రాదు, అలంకారాలు రావు, ఛందస్సు రాదు అని ఒక పెద్ద పట్టీ చదివింది. రామాయణం రాయబోతున్న మనిషి, రాకుండానే రాస్తుందా? వినయమని మాకు క్లాసులో చెప్పారు. నేను నా క్లాసులో వేరే మాట చెప్తాను. తనను ఎవరెవరు ఏమేమి అడగబోతున్నారో ఆమెకు ముందే తెలుసు. అడిగేవాళ్ళ ప్రశ్నలన్నీ తానే చదివేసి, అవి పక్కన పెట్టి, పని మొదలుపెట్టింది.

అవతారిక పాఠం చెప్పినప్పుడల్లా నా విద్యార్థులకు ఒక పని ఇస్తాను. మీ అవతారిక మీరు రాయండి, గోత్రం స్థానంలో మీ ఇంట్లో ఎవరు ఏం పని చేస్తరో రాయండి అంటాను. మా కాలేజీకి వచ్చేది ఎక్కువగా చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలు. ఒక పిలగాడు, వాళ్ళ నాయిన రాత్రిపూట టిప్పర్ నడుపుతాడని, పగలు ఇల్లంతా చెప్పుల చప్పుడు కాకుండా తిరుగుతుందని రాశాడు. ఒకమ్మాయి, వాళ్ళమ్మ పెద్ద కంపెనీలో పని చేస్తుందని మొదటి వాక్యం రాసి, రెండో వాక్యంలో అక్కడ బాత్రూములు కడుగుతుందని రాసింది. ఇంకొకతను వాళ్ళ అవ్వ నాట్లప్పుడు పాట ఎత్తుకుంటే పక్క మడి వాళ్ళు కూడా అందుకుంటారని రాశాడు. అందరూ రాసిచ్చాక వెనక బెంచీ పిలగాడొకడు కాగితం పట్టుకొని నిలబడ్డాడు. అన్నీ రాశాడు, ఒక చోట మాత్రం చిన్న గీత గీసి వదిలేశాడు. "కులం కూడా రాయాల్నా మేడం?" అన్నాడు. "నీ ఇష్టం. రాసినా, మానినా అది నువ్వు అనుకొని చేసిందై ఉండాలె. ఎవరో చూస్తరని కాదు" అన్నాను. ఆ గీత అట్లనే ఉంచి ఇచ్చాడు. నేను దానికి కూడా పూర్తి మార్కులే వేశాను.

ఎందుకంటే ఆ గీత సంగతి నాకు తెలుసు. నేను తుర్కయాంజాల్‌లో ఇల్లు వెతుకుతున్నప్పుడు నేనూ ఆ గీత లోపలే నిలబడ్డాను.

తుర్కయాంజాల్ తెలియనివాళ్ళకు: ఎల్బీనగర్ నుంచి నాగార్జునసాగర్ పోయే రోడ్డు మీద, ఇబ్రహీంపట్నం ఇంకా రాకముందే వస్తుంది. నా చిన్నప్పుడు మేం ఇబ్రహీంపట్నం అవతలి మా ఊరినుంచి పట్నం పోతుంటే బస్సు కిటికీలోంచి కనిపించినవి చెలకలు, మాసబ్ చెరువు. ఇప్పుడు చెరువు ఉంది. చెలకలు వెంచర్లయినయి, వెంచర్లు కాలనీలైనయి. పాత ఊరికి పేరుంది, కులాల వారీగా గల్లీలున్నయి. కొత్త కాలనీలకు గల్లీ లేదు, రోడ్ నంబర్ వన్, రోడ్ నంబర్ టూ అని ఉంటాయి. అందుకే ఇక్కడ ఎవరు ఎవరో తెలియదు. తెలియదు కాబట్టే అడుగుతారు.

"ఇంటిపేరేంది?" అని మొదలవుతుంది. ఇంటిపేరుతో పని కాకపోతే "ఏ ఊరు?" అంటారు. ఊరు చెప్తే "ఊర్లె ఎటుదిక్కు?" అంటారు. ఇది చాలా తెలివైన ప్రశ్న, ఎందుకంటే మన ఊళ్ళలో ఏ దిక్కున ఎవరుంటారో అందరికీ ఎరుకే. అదీ కాకపోతే "నీసు తింటరా?" అంటారు. తింటామంటే "ఆదివారమేనా, రోజూనా? ఏం తింటరు?" అని ఇంకా లోపలికి వస్తారు. చివరికి నేరుగా "మీరేమోళ్ళు?" ఒక ఇంటావిడ నా పేరు ముందు డాక్టర్ అని విని సంతోషపడి అడ్వాన్స్ తీసుకుంది, వాళ్ళ మనవడికి జ్వరం సంగతి చెప్పింది. నేను తెలుగు డాక్టర్నని చెప్తే నవ్వింది కూడా. మర్నాడు ఫోన్ చేసి, "మా చుట్టపోళ్ళు వస్తున్నరమ్మా, ఏమనుకోకు" అని డబ్బులు తిరిగి పంపింది. రాత్రికి రాత్రి చుట్టాలకు నా ఇంటిపేరు ఎవరు చెప్పారో నాకు తెలియదు. అయిదో ఇల్లు దొరికింది. ఆ ఇంటాయన ఒక్క ప్రశ్న అడిగాడు, "నీళ్ళ మోటర్ పొద్దున ఆరింటికి ఏస్తం, లేస్తరా?" అని. ఆ మనిషికి ఒక కవిత రాసిచ్చాను. ఆయన చదివాడో లేదో గానీ, ఇంకా ఆరింటికే మోటర్ వేస్తున్నాడు.

ఈ అడగడం కొత్తది కాదు, కవులకు కూడా తప్పలేదు. గుర్రం జాషువా వినుకొండలో ఒక అవధాన సభలో పద్యాలు చదివితే, ఈ కులంవాణ్ణి సభలోకి ఎవరు రానిచ్చారని కొందరు గొడవ చేశారు. పద్యం అప్పటికే చెవుల్లోకి వెళ్ళిపోయింది, బాగుంది కూడా. కానీ పద్యం విన్నాక మనిషిని అడగాల్సి వచ్చింది వాళ్ళకు. తండ్రి యాదవ కులం, తల్లి మాదిగ, ఇల్లు క్రైస్తవం. అటువాళ్ళూ ఇటువాళ్ళూ మావాడు కాదన్న మనిషి జాషువా. 1941లో ఆయన గబ్బిలం రాశాడు. కాళిదాసు యక్షుడు మేఘాన్ని పంపితే, జాషువా కథానాయకుడు కాశీలో ఉన్న శివుడికి తన గోడు చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. గుడిలోకి మనిషికి దారిలేదు, గబ్బిలానికి ఉంది. నేను ఆ కావ్యం ఎన్నిసార్లు పాఠం చెప్పానో లెక్కలేదు. చెప్పినప్పుడల్లా ఒక సంగతి దగ్గర ఆగుతాను. ఆ నాయకుణ్ణి మనం అరుంధతీసుతుడు అనే పిలుస్తాం. కులమే అతని పేరు, ఆకలే అతని చిరునామా. తెలుగులో అంత గొప్ప కావ్యంలో అంత పొడుగునా మాట్లాడిన మనిషికి, అవతలివాళ్ళు పిలిచే పేరు తప్ప తల్లి పెట్టిన పేరు మన చెవిన పడదు. తర్వాత జాషువా తన జీవితాన్ని తానే పద్యాల్లో రాసి దానికి ‘నా కథ’ అని పేరు పెట్టాడు. ఆ పేరులో ‘నా’ అన్న ఒక్క అక్షరం కోసం ఆయన ఎంత దూరం నడిచాడో చూడండి.

పేరు మార్చుకొని లోకానికి మళ్ళీ పరిచయమైన పెద్దమనిషి మన హైదరాబాద్‌లోనే ఉన్నాడు. 1888లో పుట్టిన మాదరి భాగయ్య. మనం భాగ్యరెడ్డివర్మ అంటాం. చివరి ‘వర్మ’ ఆర్యసమాజం వాళ్ళు ఇచ్చింది. ఆ పేరు చూసి ఇప్పటికీ నా విద్యార్థులు తికమక పడతారు, మేడం ఈయన రెడ్డా, క్షత్రియుడా అని. ఆయన తన పేరు ఒక్కటే మార్చుకుంటే ఇక్కడ చెప్పేదాన్ని కాదు. 1917లో విజయవాడలో పంచమ మహాసభకు అధ్యక్షుడిగా కూర్చొని, అసలు ‘పంచమ’ అన్న పేరే మాకొద్దన్నాడు. ఆ సభ ఆది ఆంధ్ర సభ అయింది. ఇటు నిజాం రాజ్యంలో ఆది హిందువులమని రాసుకోవాలని ఏళ్ళ తరబడి పోరాడితే, 1931 జనాభా లెక్కల్లో ఆ పేరు ఎక్కింది. ఆలోచించండి, లక్షలమంది మనుషులు సర్కారు కాగితం మీద తమను తాము మళ్ళీ పరిచయం చేసుకున్నారు. ఆ భాగ్యరెడ్డివర్మే తన ‘భాగ్యనగర్’ పత్రికలో కథ రాసినప్పుడు దానికి ‘వెట్టి మాదిగ’ అని పేరు పెట్టాడు. లెక్కల్లో ఏ పేరు కావాలో, కథలో ఏ పేరు కావాలో ఆయనకు బాగా తెలుసు. మనకు పేర్లు చాలా ఉన్నాయి. ఏది ఎక్కడ వాడాలో మనమే తేల్చుకోవాలి.

ఇక కవి తన పాఠకులకు మళ్ళీ పరిచయమవడం అంటే నాకు వెంటనే గుర్తొచ్చే మనిషి శివసాగర్. అసలు పేరు కె.జి. సత్యమూర్తి, 1931లో కృష్ణాజిల్లాలో పుట్టాడు. విప్లవోద్యమంలో పైస్థాయి నాయకుడు, పీపుల్స్‌వార్ స్థాపనలో ఉన్నవాడు. ‘ఉద్యమం నెలబాలుడు’ రాసిన శివసాగర్‌ను అడవిలోనూ, యూనివర్సిటీలోనూ పాడుకున్నారు. ఆ పేరులో కులం కనపడదు, కనపడకూడదనే అనుకున్నారు అప్పట్లో. తర్వాత ఆయన పార్టీలో కులం ప్రశ్న ఎత్తాడు, బయటికి వచ్చాడు, అంబేడ్కర్ వైపు నడిచాడు. అరవై దాటాక ఒక కవి, తన పాటలు నోటికొచ్చిన జనం ముందుకు మళ్ళీ వచ్చి, మీకు తెలిసిన శివసాగర్‌లో మీకు తెలియని సత్యమూర్తి ఉన్నాడని చెప్పాడు. ‘నడుస్తున్న చరిత్ర’ కవితలో శంబూకుణ్ణీ ఏకలవ్యుణ్ణీ తీసుకొచ్చి పాత కథను తిరగేశాడు. కొందరు పాత అభిమానులకు అది నచ్చలేదు. విప్లవకవిని దళితకవిగా కుదించుకున్నాడన్నారు. 2012లో ఆయన పోయేదాకా ఆ మాట ఉంది. కానీ నాకు కనపడేది వేరు. ఆయన కుదించుకోలేదు, దాచిపెట్టిన సగాన్ని బయటికి తీశాడు.

దానికి కారణం ఒక్క మనిషి మనసు మారడం కాదు. 1985 జులైలో కారంచేడు జరిగింది, 1991 ఆగస్టులో చుండూరు జరిగింది. కారంచేడులో పొలాల్లో వెంటాడి చంపారు. చుండూరులో శవాల్ని గోతాల్లో కట్టి కాల్వలో వేశారు. ఆ తర్వాత తెలుగు కవి ‘నేను’ అని మామూలుగా రాయలేకపోయాడు. 1995లో ‘చిక్కనవుతున్న పాట’ సంకలనం వచ్చింది. ఆ కాలంలోనే నలుగురు కవులు కలిసి తమ పుస్తకానికి ‘నిశాని’ అని పేరు పెట్టారు. సంతకం రాని మా తాతలు కాగితం మీద వేసిన వేలిముద్రను నిశాని అనేవాళ్ళు. ఆ నిశాని తెలియకుండా వేయించుకున్నది, భూములు పోగొట్టింది. దాన్నే కవులు తెలిసి వేశారు. 2003లో గోగు శ్యామల ‘నల్లపొద్దు’ తెచ్చింది. 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీలు రాసింది ఒక్కచోట పెట్టి, రాసినవాళ్ళ జీవితాల్ని కూడా అందులో చెప్పింది. అప్పటికి ఎనభై ఏళ్ళుగా రాస్తున్న ఆడవాళ్ళను తెలుగు పాఠకులకు పరిచయం చేయాల్సి వచ్చింది. నా పీహెచ్‌డీకి ఆ పుస్తకమే దారి. అందులో రచనలకంటే ముందు ఆ పరిచయాలే చదివాను. ఎవరి తల్లి ఏం పని చేసిందో వెతుక్కుంటూ చదివాను.

ఇంకొక పరిచయం కవులది కాదు, వాడలది. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలైంది. ఆ తర్వాత మా మనుషులు పేరు చివర మాదిగ అని రాసుకోవడం మొదలుపెట్టారు. తిట్టుగా వాడిన మాటను సంతకం చేశారు. ఆ ఉద్యమానికి దండోరా అన్న పేరు ఎందుకు పెట్టారో మా ఇంట్లో ఎవరూ నాకు విప్పి చెప్పనక్కర్లేదు. మా తాత ఊరికి డప్పు కొట్టినవాడు. రేపు గ్రామపంచాయతీ ఉందని, ఎల్లుండి చెరువు తూము ఎత్తుతారని, ఫలానా వాళ్ళ బర్రె తప్పిపోయిందని గల్లీ గల్లీ తిరిగి చాటింపు వేసేవాడు. ఊరందరి కబుర్లూ ఆయన గొంతు మీదుగా పోయినయి. ఆయన కబురు మాత్రం ఏ పొద్దూ చాటలేదు. ఎవరికి అవసరం? దండోరా ఉద్యమం చేసింది అదే. అదే డప్పు, అదే గల్లీ. ఈసారి కబురు మాది.

మొన్న 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ చెల్లుతుందన్నది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో చట్టం అమల్లోకి వచ్చింది. 59 కులాల్ని మూడు గ్రూపులు చేసి, 15 శాతాన్ని ఒకటి, తొమ్మిది, అయిదుగా పంచారు. అప్పటినుంచి మాల మిత్రులు కొందరు నన్ను అడుగుతున్నారు, మీరు దళిత అనకుండా మాదిగ అంటే ఐక్యత చీలదా అని. నేను రెండూ అంటాను. దళిత అన్న మాట నాకు పోరాడేచోట ఇల్లు. మాదిగ అన్న మాట పుట్టిల్లు. పుట్టింటి పేరు చెప్పినంత మాత్రాన అత్తిల్లు చీలిపోదు. అన్నదమ్ముల మధ్య వాటా సరిగా పంచకపోతేనే చీలుతుంది.

అక్కడితో ఆపితే నా పరిచయం సగమే. మాకు గోత్రం లేదు, వంశచరిత్ర లేదు అని మా పిల్లలు అనుకుంటారు. ఉంది. మా జాంబవపురాణం, మా కులం పుట్టుక కథ డక్కలివాళ్ళ నోట్లో ఉంది. వాళ్ళు మాదిగవాడలకు వచ్చి, కిన్నెర మీటి, మా పుట్టుక మాకే పాడి వినిపించారు. మా అవతారికను తరతరాలుగా మోసినవాళ్ళు వాళ్ళు. మా వాడలు వాళ్ళకు తిండిగింజలు పెట్టాయి, కానీ వాడలోకి కలుపుకోలేదు, దూరంగానే ఉంచాయి. పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వస్తే మనమంతా చప్పట్లు కొట్టాం. ఆయన డక్కలి అని ఎంతమంది చెప్పుకున్నాం? కొత్త చట్టంలో డక్కలివాళ్ళు మొదటి గ్రూపులో, ఆ ఒక్క శాతంలో ఉన్నారు. నేను మాదిగనని గట్టిగా చెప్పుకున్న ప్రతిసారీ, ఆ మాట నాకు పాడి నేర్పినవాళ్ళ పేరు కూడా చెప్పాలి. లేకపోతే నా అవతారిక కూడా పాత అవతారికల్లాంటిదే.

ఇక ఉద్యమకారిణా, కవా అన్న పెద్దమనిషికి.

ఒక సాహిత్యసభ వాళ్ళు రెండు వాక్యాల పరిచయం పంపమన్నారు. "మాదిగ స్త్రీ. తెలుగు అధ్యాపకురాలు. కవి" అని పంపాను. వేదిక మీద చదివింది "ప్రముఖ కవయిత్రి, డాక్టర్" అని. కిందికి దిగాక అడిగితే, "మీ గౌరవం కోసమే తీసేసినం మేడం" అన్నారు. ఇంకో సంస్థ వాళ్ళు నన్ను ఏటా ఏప్రిల్ 14కు తప్పకుండా పిలుస్తారు. వాళ్ళే ఉగాది కవిసమ్మేళనం పెడతారు, ఆ నెలలో నా ఫోన్ నంబర్ వాళ్ళ దగ్గర ఉండదు. అక్కడ కవినే, మాదిగను కాదు. ఇక్కడ మాదిగనే, కవిని కాదు. ఈ రెండింటి మధ్య నేను బస్సు మారినట్టు మారుతూ ఉండాలి.

మనవాళ్ళు కూడా తక్కువ కాదు. ఒక మీటింగులో మాసబ్ చెరువు మీద రాసిన కవిత చదివాను. చలికాలం పొద్దున చెరువు మీద దిగే పక్షులు, గట్టు మీద బండి ఆపుకొని చాయ్ తాగే మనుషులు, అంతే. పెద్దాయన ఒకరు ప్రేమగానే అన్నారు, "చెల్లె, చెరువు మీద రాసేటోళ్ళు చానామంది ఉన్నరు. నువ్వు మన బాధ రాయాలె." ఆయన మీద నాకు గౌరవం ఉంది. జైలుకు పోయివచ్చిన మనిషి. కానీ ఆ మాట ఒప్పుకోలేదు, అక్కడే చెప్పాను కూడా. అన్నా, ఆ చెరువు కింద మన అమ్మలు నాట్లు వేసిన్రు. నీళ్ళు వాళ్ళకు పని చూపించినయి గానీ, నిలబడి చూసే తీరిక ఇయ్యలేదు. వాళ్ళ బిడ్డను నాకు ఆ తీరిక దొరికింది. పక్షిని పక్షిలెక్క చూసే హక్కు కూడా నేను కొట్లాడి తెచ్చుకున్నదే. నా ప్రతి కవితలో కులం కనపడాలని లేదు. రాసింది నేను, అది చాలు.

ఇదీ నా జవాబు. కవిత్వం రాసేటప్పుడు కులం వదిలిరమ్మనేవాళ్ళకూ, కులం రాస్తేనే కవివి అనేవాళ్ళకూ ఒకటే మాట. నా పరిచయంలోంచి మీకు పనికొచ్చే ముక్క కోసుకోకండి. మొత్తం తీసుకోండి, లేదంటే మొత్తం వదిలేయండి.

ఇప్పుడు మొత్తం చెప్తాను. పేరు మీకు పైన కనపడుతూనే ఉంది. వయసు ముప్పై ఆరు. మాది ఇబ్రహీంపట్నం అవతల ఊరు, ఉంటున్నది తుర్కయాంజాల్‌లో కిరాయి ఇంట్లో. గోత్రం లేదు. సూత్రం అంటే దారం అని ఇంకో అర్థం ఉంది కాబట్టి, మా ఇంటి సూత్రం మా తాత తోలు కుట్టిన దారం. ఆయన మోటబాయిలకు తోలు తొండాలు కుట్టేవాడు. ఆ నీళ్ళతో పారిన మడి మాది ఒక్కటీ లేదు. కరెంటు మోటర్లు వచ్చి ఆ పని పోయింది, డప్పు మిగిలింది. నాయిన డప్పు ముట్టలేదు, తాపీపనికి పోయాడు. ఈ సాగర్ రోడ్డు మీద కనపడే అపార్ట్‌మెంట్లలో కొన్నింటికి పునాది ఆయన చేతిదే. అమ్మ కలుపు తీసింది, ఉపాధి పనికి పోయింది, నన్ను హాస్టల్‌లో దింపి వెనక్కి తిరిగి చూడకుండా బస్సెక్కింది. చూస్తే నన్ను మళ్ళీ తీసుకపోతనని భయమైందట. నా గురువులు చాలామంది, కొందర్ని పుస్తకాల్లోనే కలిశాను. కృతిభర్త ఎవరంటే, వెనక బెంచీలో గీత గీసి నిలబడ్డ ఆ పిలగాడు.

మా రోడ్డు పోయి చేరే నల్లగొండ జిల్లాలో, పందొమ్మిదో శతాబ్దంలో దున్న ఇద్దాసు అనే మాదిగ తత్వకవి ఉండేవాడు. తత్వాల పద్ధతి కావ్యాల పద్ధతికి తిరకాసు. కావ్యంలో కవి ముందే వచ్చి వంశం చెప్పి, ఆ తర్వాత పాట వినమంటాడు. తత్వకవి పాటంతా పాడి, చివరి చరణంలో తన పేరో గురువు పేరో ముద్రలాగా వేస్తాడు. పాట నీకు తగిలింది కదా, ఇప్పుడు చెప్తున్నా ఎవరు పాడారో అంటాడు. అప్పటికే విన్న చెవి, ఇక విననని ఎట్లా అంటుంది? వినుకొండ సభవాళ్ళు ఓడిపోయింది అక్కడే. మొదటాయన "ముందు మీరెవరో చెప్పండి, తర్వాత వింటాం" అన్నారు. ఆయనకు నా విన్నపం, ముందు వినండి. నేను చెప్పే పాఠాల్లో కూడా ఈ ఏడాదినుంచి అవతారిక పక్కన తత్వముద్ర పెడుతున్నాను, సిలబస్‌లో లేకపోయినా.

చెల్లె, నీ ప్రశ్నకు జవాబు చివరికి ఉంచిన. అవును, మీవోళ్ళనే. నీ కులం ఏదైనా సరే.

కొత్తగా వచ్చినవాళ్ళకు ఒక పని. ఈ వారం మీ అవతారిక రాయండి. గోత్రం వద్దు, ఉద్యోగం హోదా వద్దు. మీ అమ్మ ఏం పని చేసింది, ఆమెను ఊళ్ళో ఏమని పిలిచారు, ఆమె ఏమని పిలిపించుకోవాలనుకుంది, ఈ మూడూ రాయండి. కులం దగ్గర గీత గీయాలనిపిస్తే గీయండి, ఎందుకు గీశారో మీకు తెలిస్తే చాలు. వచ్చే వారం డక్కలి కథల దగ్గరికి పోదాం.

జై భీమ్.